నల్లకోటూ.. నా కోడూ

పోయిన ఆదివారం పొద్దున్నే మా బావ ఫోను. ఆదివారం పూట ఆయన ఫోన్ చేశాడంటే మామూలుగా రెండే కారణాలు. ప్రింటర్ పని చెయ్యకపోవడం, లేదా తెలుగు అక్షరాలు పెట్టెలు పెట్టెలుగా కనపడటం. ఈసారి రెండూ కాదు.

"ఏరా, సనదు సస్పెండ్ చేయించుకుందామనుకుంటున్నా. నువ్వేమంటావ్?"

నిద్రమత్తు మొత్తం వదిలిపోయింది.

బావ అంటే మా మేనత్త కొడుకు. నరసరావుపేటలో ప్లీడరు. పదేళ్ళ నుంచీ ప్రాక్టీసు. నేలతగాదాలు, ప్రామిసరీ నోట్లు, భాగపంపకాలు.. ఆ బాపతు సివిల్ కేసులు ఎక్కువ. పేటలోనే కాదు, గురజాల, మాచర్ల కోర్టుల్లో కూడా కేసులున్నాయి. మిరప రేటు బాగున్న ఏడాది ఫీజులు వస్తాయి, లేని ఏడాది "కోతలయ్యాక ఇస్తా సార్" అంటారు. అలా వాయిదాల మీద నడిచే జీవితం. అలాంటి మనిషి ఉన్నట్టుండి నల్లకోటు తీసి పక్కన పెడతానంటున్నాడు. ఎందుకయ్యా అంటే, సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టడానికట. ప్లీడర్లకి పనికొచ్చే సాఫ్ట్‌వేరు.

ఇందులో నా పాపం కొంత ఉంది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ముందు సనదు సంగతి. కంపెనీ పెట్టుకోవాలంటే పెట్టుకోవచ్చు గదా, ప్రాక్టీసు మానెయ్యడం ఎందుకు అని నేనూ అడిగా. మనం చూడండి, ఉద్యోగం చేసుకుంటూనే రాత్రిళ్ళు ఏదో ఒక సైడ్ ప్రాజెక్టు కెలుకుతూ ఉంటాం. మేనేజరుకి తెలియకపోతే చాలు. ప్లీడర్లకి అలా కుదరదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్సులో 47, 48, 49 అని మూడున్నాయి. అడ్వకేటు స్వయంగా ఏ వ్యాపారమూ చెయ్యకూడదు, కావాలంటే స్లీపింగ్ పార్ట్‌నర్ గా ఉండొచ్చు, అదీ ఆ వ్యాపారం వృత్తి గౌరవానికి తగనిది కాదని రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుకుంటేనే. కంపెనీలో డైరెక్టరుగా కూర్చోవచ్చు గానీ ఎగ్జిక్యూటివ్ పనులు చెయ్యకూడదు, మేనేజింగ్ డైరెక్టరు అసలు కాకూడదు. ప్రాక్టీసులో ఉన్నన్నాళ్ళూ ఎక్కడా ఫుల్‌టైమ్ జీతానికి చేరకూడదు. 36 అని ఇంకొకటుంది, ప్రకటనలు ఇచ్చుకోకూడదని. ఈ ఆన్‌లైన్ సైట్లలో లాయర్లని హోటళ్ళలాగా లిస్టు చేసి స్టార్లు ఇవ్వడం మీద 2024 జులైలో మద్రాసు హైకోర్టు గట్టిగానే కొట్టింది, చర్యలు తీసుకోమని బార్ కౌన్సిల్ కి చెప్పింది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీ సీఈఓ అయి తీరాలనుకుంటే నల్లకోటు తగిలించెయ్యాల్సిందే. "స్లీపింగ్ పార్ట్‌నర్ గా ఉండరాదూ?" అన్నా. "నిద్రపోతూ కంపెనీ నడపడం మీ ఐటీ వాళ్ళకి చేతనవుతుందేమో గానీ నాకు కాదురా" అన్నాడు. సరే, ఒప్పుకున్నా :)

ఇప్పుడు నా పాపం దగ్గరకొద్దాం.

2022 ఏప్రిల్ లో పల్నాడు జిల్లా వచ్చింది. నరసరావుపేట జిల్లా కేంద్రం అయింది. ఊరంతా సంబరం. నేను ఇంటి నుంచే పని చేస్తున్న రోజులవి. సాయంత్రాలు మల్లమ్మ సెంటర్ దాకా నడిచి టీ తాగి, బావ ఆఫీసులో కూర్చునేవాణ్ణి. అక్కడ ఒక పెద్ద డైరీ ఉండేది. దాన్ని రాసేది గుమాస్తాగారు. అరవై దాటిన మనిషి. బావ వాళ్ళ సీనియర్ దగ్గర పనిచేసి, ఆయన పోయాక బావ దగ్గరకొచ్చారు. రోజూ సాయంత్రం వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పుతూ రాస్తా ఉంటారు. కేసు నెంబరు, పార్టీల పేర్లు, దేనికి పోస్టయింది, మళ్ళీ ఎప్పుడు. నాకది చూస్తే చేతులు దురద. ఇంత చిన్న విషయానికి ఇంత రాత ఏంటి? ఈ-కోర్ట్స్ సైటులో ప్రతి కేసుకీ 16 అక్షరాల సీఎన్ఆర్ నెంబరుంది, అది కొడితే తరవాతి వాయిదా వస్తుంది. ఒక స్క్రిప్టు రాసి రాత్రిపూట అన్ని కేసులూ లాగి, పొద్దున్నే "ఈరోజు మీ కేసులు ఇవీ" అని ఫోనుకి పంపితే అయిపోయె!

ప్రభుత్వం వాళ్ళ మొబైల్ యాప్ ఉంది గదా అంటారు. ఉంది, మంచిదే. మన కేసులు అందులో దాచుకోవచ్చు కూడా. కానీ బావకి కావలసింది బావ, జూనియరు, గుమాస్తాగారు ముగ్గురూ ఒకే లిస్టు చూడటం, పార్టీకి తెలుగులో మెసేజి పోవడం, ఫీజు ఎంత బాకీయో పక్కనే కనపడటం. అందుకని నేను మొదలెట్టా. రెండు వారాంతాల్లో పని చేసే ముక్క ఒకటి తయారైంది. మన వాళ్ళందరికీ తెలిసిందే గదా, మొదటి తొంభై శాతం రెండు వారాంతాలు, మిగతా పది శాతం జీవితాంతం.

బావకి తెగ నచ్చింది. పక్క ఆఫీసుల వాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగితే వాళ్ళకీ ఇచ్చా. నెలకి మూడొందలు తీసుకుందామని కూడా లెక్కలేసుకున్నా. మనసులో అప్పుడే హైటెక్ సిటీలో ఆఫీసు, గోడ మీద నా కంపెనీ బోర్డు. ఏడాది తిరిగేసరికి గుమాస్తాగారు డైరీ రాయడం తగ్గించేశారు. ఆయనకి ఇష్టమై కాదు. "ఫోనులో వస్తుంటే ఇంకా ఎందుకండీ" అని జూనియర్ కుర్రాడు రెండుసార్లు అన్నాడని.

2023 నవంబరు. సైటులో ఏదో చిన్న మార్పు వచ్చింది. రావడం దాని హక్కు, నాకు చెప్పి రావలసిన పని లేదు. నా స్క్రిప్టు దాన్ని చదవలేకపోయింది. చదవలేకపోతే ఏం చెయ్యాలి? అరవాలి. నాదేం చేసింది? ట్రై, ఎక్సెప్ట్, పాస్. ఆ మూడు ముక్కలు ఒక అర్ధరాత్రి నేను నా చేతులతో రాశాను, "తర్వాత చూద్దాం" అని పైన కామెంటు కూడా పెట్టాను. అది నోరు మూసుకుని పాత డేటానే చూపిస్తూ పోయింది. వాయిదా అయిపోయి, కొత్త తేదీ ఎక్కని కేసులు ఏ రోజు లిస్టులోకీ రావు. ఏ రోజు లిస్టులోకీ రాని కేసు ఎవరికీ కనపడదు. ఫోనులో మాత్రం రోజూ పొద్దున్న ఏడింటికి ఠంచనుగా మెసేజి, "శుభోదయం, ఈరోజు మీ కేసులు". నాలుగు ఉండాల్సిన చోట మూడు.

అలా కనపడకుండా పోయిన వాటిల్లో ఒకటి గురజాల వైపు ఒక మామ్మ వేసిన ఇంజంక్షన్ దావా. ఎకరం నేల. మొగుడు పోయాడు, కొడుకు ఊళ్ళో లేడు. పక్క చేను వాళ్ళు ఆమె చేలోంచి బండ్ల దారి ఉందంటారు, లేదని ఈవిడ. తాత్కాలిక ఇంజంక్షన్ ఉంది కాబట్టి వాళ్ళు రెండేళ్ళుగా ఊరుకున్నారు. ఆ రోజు కేసు పిలిచారు. వాదివైపు ఎవరూ లేరు, ప్రతివాది ఉన్నాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ లో ఆర్డర్ 9 రూల్ 8 అని ఉంది. వాది రాకుండా ప్రతివాది వస్తే, అతను దావాని ఒప్పుకుంటే తప్ప, దావా కొట్టెయ్యాల్సిందే. జడ్జిగారు చేసింది అదే. దావా పోతే దానితో పాటు తాత్కాలిక ఇంజంక్షనూ పోయింది.

మనకి తెలిసేటప్పటికి 19 రోజులైంది. తెలిసిందెట్లా అంటే సైటు వల్ల కాదు, యాప్ వల్ల కాదు. మామ్మ బస్సెక్కి పేట వచ్చింది. కాపు మీదున్న మిరప చేలోంచి ట్రాక్టరు తోలారు. దారికి అడ్డమని గట్టు చెరిపేశారు. "కోర్టులో కొట్టేశారంట గదయ్యా, కాగితం చూపిచ్చారు" అంది. బావ మొహం నేను చూడలేదు, ఫోనులో గొంతు మాత్రం విన్నా. ఆ గొంతు చాలు.

తీర్చుకునే దారి చట్టంలోనే ఉంది. రూల్ 9 కింద పిటిషను వెయ్యాలి, రాకపోవడానికి తగిన కారణం చూపించాలి. లిమిటేషన్ ముప్పై రోజులు. అంటే ఇంకా పదకొండు రోజులు మిగిలాయి. ఇంకో రెండు వారాలు మామ్మ బస్సెక్కకుండా ఉంటే గడువు కూడా దాటేది. అప్పుడు ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషను, దానికో కౌంటరు, దానికో వాదన. అదే కారణం మీద కొత్త దావా వెయ్యడానికి కూడా వీల్లేదు, రూల్ 9 ఆ తలుపు మూసేస్తుంది.

బావ అఫిడవిట్ రాస్తుంటే నేను పక్కనే ఉన్నా, శెలవు పెట్టి వచ్చి. "నా సాఫ్ట్‌వేర్ వల్ల అని రాయి బావా" అన్నా. "యాప్ లో రాలేదని రాస్తే, డైరీ ఏదయ్యా అని అడుగుతారు జడ్జిగారు. ఏం చెప్పను?" అన్నాడు. చివరికి ఉన్నదే రాశాడు. వాయిదా తేదీ డైరీలో ఎక్కించలేదు, పొరపాటు అడ్వకేటుది, పార్టీది కాదు అని. ఖర్చులు కట్టమని దావా పునరుద్ధరించారు. కానీ అవతలి వాళ్ళు కౌంటరు వేసి, వాదనలయ్యి, ఆర్డరు వచ్చేసరికి నాలుగు నెలలు. ఖర్చులు బావ జేబులోంచి కట్టాడు. మిరప కాపు మటుకు మామ్మ జేబులోంచి పోయింది.

పంటకి ఎంతో కొంత ఇద్దామని నేను కవరు పట్టుకెళ్ళా. బావ ఒకటే మాట అన్నాడు, "డబ్బులిచ్చేముందు నువ్వెవరో చెప్పి ఇయ్యి". చెప్పా. ఆవిడ కాసేపు నన్ను చూసి, "పిల్లోడివి. ఫోన్ల సంగతి నాకేం ఎరుక. ఈసారి నుంచి కాయితంలో గూడా రాయమను" అని కవరు తీసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఒక రోజు గుమాస్తాగారి పక్కన కూర్చుని డైరీ ఎలా రాస్తారో మొదటిసారి సరిగ్గా చూశా. ఏడాదిన్నర ఆ గదిలో టీ తాగాను గానీ అప్పటిదాకా చూడలేదు. ప్రతి వరసలో ఎడమ చివర కిందటి వాయిదా తేదీ. మధ్యలో కోర్టు, నెంబరు, పార్టీలు, దేనికి. కుడి చివర వచ్చే వాయిదా. కోర్టు నుంచి రాగానే కుడి గడి నింపుతారు. నింపి ఊరుకోరు, ఆ వచ్చే తేదీ పేజీకి వెళ్ళి అక్కడ ఇదే కేసు రాసి, దాని ఎడమ గడిలో ఈరోజు తేదీ వేస్తారు. అంటే ముందుకో పాయింటరు, వెనక్కో పాయింటరు. కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ లాబ్ లో మనం కుస్తీ పట్టిన డబ్లీ లింక్డ్ లిస్టు! ఆయన నలభై ఏళ్ళుగా రెనాల్డ్స్ పెన్నుతో రాస్తున్నారు.

అసలు కిటుకు అది కూడా కాదు. సాయంత్రం పేజీ మూసేముందు ఆయన కుడి గడుల మీద పైనుంచి కిందకి వేలు పెట్టి జారుస్తారు. ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ వేలు ఆగుతుంది. ఖాళీ ఉందంటే ఆ కేసు గాల్లో ఉన్నట్టు. ఆ ఖాళీ నిండేదాకా ఆయన ఇంటికి పోరు. బెంచి క్లర్కుని అడుగుతారు, అవతలి గుమాస్తాని అడుగుతారు, పొద్దున్నే కాల్ వర్కు టైముకి వెళ్ళి నిలబడతారు.

నేను రాసింది తేదీ ఉన్న కేసులు చూపించే యాప్. ఆయన రాసేది తేదీ లేని కేసుల్ని పట్టుకునే పుస్తకం. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవర్నీ అడగలేదు. "రిక్వైర్‌మెంట్స్" అని బావని అడిగితే బావ కూడా చెప్పలేదు. ఊపిరి ఎలా పీలుస్తావు అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

అప్పట్నుంచీ నాకు ఈ లాయర్లు పెట్టిన టెక్నాలజీ కంపెనీల చరిత్ర మీద పిచ్చి పట్టుకుంది. దొరికింది దొరికినట్టు చదివా. మనం అనుకున్నంత కొత్త కాదు ఇది. 1960 ప్రాంతంలోనే అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో జాన్ హార్టీ అనే లాయరు చట్టాలన్నిటినీ కార్డుల మీద పంచ్ చేయించి, కంప్యూటరు చేత మాటమాటకీ వెతికించాడు. ఆయన పనిచేసేది ఆరోగ్య చట్టాల మీద. ఒక్కో రాష్ట్రానిదీ తిరగేసి తిరగేసి విసుగొచ్చి ఆ పని చేశాడు. తర్వాత ఒహాయో రాష్ట్ర బార్ అసోసియేషన్. మన బార్ అసోసియేషన్ లాంటిదే అనుకోండి, కాకపోతే కాస్త డబ్బున్నది. 1967 లో వాళ్ళు "ఒబార్" అని ఒక సంస్థ పెట్టి, డేటన్ లోని ఒక కంప్యూటర్ కంపెనీ చేత తీర్పులు వెతికే వ్యవస్థ కట్టించుకున్నారు. ఆ కంపెనీని మీడ్ అనే కాగితాల కంపెనీ కొనుక్కుంది. దాని డేటా విభాగాన్ని నడిపిన జెరోమ్ రూబిన్ కూడా లాయరే. 1973 లో అది లెక్సిస్ పేరుతో బజార్లోకి వచ్చింది. కాగితాల కంపెనీ చేత కాగితం మాన్పించారన్నమాట, ప్లీడర్లు తలుచుకుంటే.

ఈ మధ్య వాటికొస్తే కేస్‌టెక్స్ట్ ఉంది. జేక్ హెల్లర్ అనే లాయరు 2013 లో పెట్టాడు, 2023 లో థామ్సన్ రాయిటర్స్ 65 కోట్ల డాలర్లకి కొంది. హార్వీ అని ఏఐ కంపెనీ, 2022 లో విన్‌స్టన్ వైన్‌బర్గ్ అనే కుర్ర లాయరూ, గేబ్రియల్ పెరేరా అనే ఏఐ పరిశోధకుడూ కలిసి పెట్టింది. మన దగ్గర బెంగుళూరు స్పాట్‌డ్రాఫ్ట్ వెనక శశాంక్ బీజాపుర్ అనే లాయరు, పక్కన గూగుల్ లో పనిచేసొచ్చిన మాధవ్ భగత్. చెన్నైలో వకీల్‌సెర్చ్ పెట్టిన హృషీకేశ్ దాతార్ బెంగుళూరు నేషనల్ లా స్కూల్లో చదివాడు. జత గమనించారా? ఒక నల్లకోటు, ఒక కీబోర్డు. నేను చేసిన తప్పేంటంటే రెండు కుర్చీల్లోనూ నేనే కూర్చోవడం.

అయితే ఇదే సూత్రం అని టేబుల్ గుద్ది చెప్పడానికి లేదు. ఇండియన్ కానూన్ చూడండి. 2008 లో సుశాంత్ సిన్హా ఒక్కడే మొదలెట్టాడు. ఐఐటీ కాన్పూర్, మిషిగన్ లో చదివిన కంప్యూటర్ మనిషి, లాయరు కాదు. ఇవాళ మా బావ పొద్దున్నే కాఫీ కంటే ముందు తెరిచేది అదే. మరి ఆయనకి కుదిరింది నాకెందుకు కుదర్లేదు అని బావని అడిగా. (తెలివి తక్కువగా అడిగానని ఒప్పుకుంటున్నా. ఆయన తెలివి వేరు, నా తెలివి వేరు.) బావ ఇంకోటి చెప్పాడు. "తీర్పు వెతికేటప్పుడు దొరక్కపోతే దొరకలేదని నాకు తెలుస్తుంది, ఇంకో చోట వెతుక్కుంటా. వాయిదా దొరక్కపోతే దొరకలేదని నాకు తెలీదు గదా". రెండిటికీ ఉన్న తేడా అంతా ఆ ముక్కలో ఉంది.

దొరకనిది దొరికినట్టు చూపిస్తే ఇంకా ప్రమాదం. 2023 లో న్యూయార్కులో ఏవియాంకా విమాన కంపెనీ మీద వేసిన కేసులో, లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన తీర్పుల్ని యథాతథంగా ఫైలు చేశారు. వాటిల్లో ఆరు అసలు లేనే లేవు. జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశారు. నా ట్రై-ఎక్సెప్ట్-పాస్ కి పెద్దన్న అన్నమాట అది. నాది నోరు మూసుకుంది, అది నోరు తెరిచి అబద్ధం చెప్పింది.

ఇంకో సంగతి. మామ్మ దావా మళ్ళీ నడవటం మొదలయ్యాక, బావ నన్ను కూర్చోబెట్టి ఒక మాట గురించి అరగంట చెప్పాడు. "డొంక". మనకి అది మామూలు మాట, బండ్లు పోయే దారి. సాక్షి బోనులో తెలుగులో చెప్తాడు, అది ఇంగ్లీషులో టైపవుతుంది. "చేను పక్కన డొంక ఉందండీ" అని సాక్షి అన్నాడనుకోండి. అది "పాత్" అని టైపయిందా, "కార్ట్ ట్రాక్" అని అయిందా, "వే" అని అయిందా? డొంక అంటే మామూలుగా ఊరుమ్మడి దారి, సర్వే పటంలో ఉంటుంది. గట్టు మీద బాట అంటే సొంత నేల, ఇరుగుపొరుగు మొహమాటానికి నడవనిచ్చేది. మొదటిదైతే మామ్మ ఓడిపోతుంది. రెండోదైతే గెలుస్తుంది. ఒక్క మాట మీద ఎకరం నేల ఊగుతుంది. పల్నాట్లో పెద్ద యుద్ధాలే కోడిపందెం మీద మొదలయ్యాయంటారు గానీ, ఇప్పటి యుద్ధాలన్నీ గట్ల మీదే.

మాటని టైపు చేసే యంత్రాలూ వచ్చేశాయి. సుప్రీంకోర్టు 2019 లోనే సువాస్ అని అనువాద సాఫ్ట్‌వేర్ తెచ్చింది, అందులో తెలుగూ ఉంది. అదాలత్ ఏఐ అని ఒక సంస్థ ఉంది, పెట్టిన వాళ్ళలో ఉత్కర్ష్ సక్సేనా లాయరు. సాక్షి వాంగ్మూలం వింటూ టైపు చేసే పరికరం వాళ్ళది. 2025 నవంబరు 1 నుంచి కింది కోర్టుల్లో సాక్ష్యాలు దానితోనే రికార్డు చెయ్యమని కేరళ హైకోర్టు చెప్పింది. మన దగ్గరకీ వస్తుంది, రావాలి కూడా. తెలంగాణ హైకోర్టు 2023 జూన్ లో ఒక వీలునామా తగాదాలో తెలుగులోనే తీర్పిచ్చింది గదా, అలా సాక్ష్యం కూడా తెలుగులోనే ఎక్కితే మామ్మ లాంటి వాళ్ళు తాము చెప్పిందేంటో తాము చదివించుకోగలరు. కానీ డొంకకీ గట్టుకీ తేడా ఆ యంత్రానికి ఎవరు చెప్తారు? నాలాంటి వాడు చెప్పలేడు. నేను పేటలో పుట్టి పెరిగి కూడా, బావ చెప్పేదాకా ఆ తేడాలో చట్టం ఉందని ఎరగను.

అందుకే బావ కంపెనీ పెడతాననడం నాకు ఆశ్చర్యం కాదు. పోయినేడాది ఆయన చాట్‌జీపీటీని బతిమాలి బామాలి తనే ఒక పేజీ తయారుచేసుకున్నాడు. రంగులు చూస్తే కళ్ళు మండాయి. బటన్లు ఒక దాని మీద ఒకటి ఎక్కాయి. కానీ తెరవగానే పైన ఎర్రగా ఒక పెట్టె, "వచ్చే వాయిదా తెలియని కేసులు". అది సున్నా అయ్యేదాకా కింద ఇంకేమీ కనపడదు. ఇంకో పెట్టెలో "చివరిసారి సైటు నుంచి తెచ్చింది ఎప్పుడు" అని. మనం కాన్ఫరెన్సుల్లో గంటలు గంటలు మాట్లాడతాం మానిటరింగ్ అనీ, ఫెయిల్ లౌడ్లీ అనీ. ఆ మాటలేవీ తెలియని మనిషి ఒక దెబ్బ తిని అదే చేశాడు. నేను కోడు శుభ్రం చేసిపెట్టా, అంతే. ఇప్పుడు చుట్టుపక్కల ప్లీడర్లు వాడుతున్నారు, ఎర్రపెట్టె గురించే అడిగి మరీ తీసుకుంటున్నారు. డైరీ మాత్రం గుమాస్తాగారు మళ్ళీ రాస్తున్నారు. అది బావ షరతు, వాడే ప్రతివాళ్ళకీ. కాగితం మానేస్తే సాఫ్ట్‌వేర్ ఇవ్వడు! ఏ ఇన్వెస్టరు ముందైనా ఈ ముక్క చెప్పి చూడండి, లేచి వెళ్ళిపోతాడు.

ఇంతకీ ఆదివారం ఫోన్లో నేనేమన్నా?

ముందు వద్దన్నా. నా భయం ఒకటే. మనం లాయర్లు పెట్టిన కంపెనీలు అంటాం గానీ, వాటిల్లో చాలావరకు కోర్టు మానేసిన లాయర్లు నడిపేవి. బావ దగ్గరున్న సరుకు రోజూ కాల్ వర్కులో నిలబడటం వల్ల వచ్చింది. కోటు తీసేశాక అది ఎన్నాళ్ళుంటుంది? రెండేళ్ళకి ఆయన కూడా నాలాగే డ్యాష్‌బోర్డులు గీస్తూ కూర్చుంటే? అప్పుడు మళ్ళీ ఇంకో మామ్మ బస్సెక్కాలి. ఆ మాటే చెప్పా. బావ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఆయన అన్నది, "మరి నువ్వే ఉద్యోగం మానేసి సీఈఓ గా ఉండు, నేను నిద్రపోయే పార్ట్‌నర్ గా ఉంటా". ఇప్పుడు నోరు మూతపడటం నా వంతు. ఫ్లాటు ఈఎమ్ఐ ఉంది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, "సొంత కంపెనీ" అంటే పెళ్ళివారు "అంటే ఉద్యోగం లేదా?" అంటారు. ఆయనకి సలహాలు ఇవ్వడం తేలికే.

మనవైపు కోటు విప్పిన ప్లీడర్లు లేకపోలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు సత్తెనపల్లి దగ్గర వేములూరుపాడు మనిషి, ఐర్లండు వెళ్ళి బారిస్టరు చదివొచ్చి, 1921 నాటి పల్నాడు పుల్లరి ఉద్యమంలో జైలుకెళ్ళారు, "మాలపల్లి" అక్కడే రాశారు. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసులో బోలెడు ఆదాయమున్న ప్రాక్టీసు వదిలేసి 1921 లో "స్వరాజ్య" పత్రిక పెట్టారు. దాన్ని కూడా ఒకరకంగా స్టార్టప్ అనే అనుకోవచ్చు. ఉన్న ఆస్తంతా దానికిందే కరిగిపోయింది. ఈ సంగతి బావకి చెప్తే, "ధైర్యం చెప్తున్నావా, భయపెడుతున్నావా" అన్నాడు. నాకూ తెలీదు.

ప్రస్తుతానికి తేలింది ఇదీ. బార్ కౌన్సిల్ కి రాసిన దరఖాస్తు ఆయన డ్రాయరులో ఉంది, సంతకం కాలేదు. మామ్మ కేసు తేలేదాకా కదిలేది లేదన్నాడు. వచ్చే నెల ఆవిడ సాక్ష్యానికి పోస్టయింది. సర్వేయరుని కూడా పిలవాలట. నేను ఆ రోజుకి శెలవు పెట్టా. తేదీ ఫోనులో ఉంది, బావ ఎర్రపెట్టెలో ఉంది, గుమాస్తాగారి డైరీలో రెండు చోట్ల ఉంది. అయినా నిన్న రాత్రి పదకొండింటికి లేచి వంటింట్లో క్యాలెండరు మీద కూడా పెన్నుతో గుండ్రంగా చుట్టాను.